కాగితం అడగండి: ట్రాఫిక్ పోలీసు వ్యవస్థలో పారదర్శకత, జవాబుదారీతనం

ఆటో డ్రైవర్లు, తోపుడుబండ్ల వ్యాపారుల కోసం ఏర్పాటైన చట్ట అవగాహన సదస్సులో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం

 

నేను న్యాయవాదిని కాను, పోలీసు శాఖలో పనిచేసినవాణ్నీ కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. తపాలు విప్పడం, రిజిస్టరులో ఎక్కించడం, ఫైలు నడపడం, జవాబు రాయించి పంపడం, ఇవే నా ఉద్యోగ జీవితం. ఆ జీవితం నాకు నేర్పిన పాఠం ఒక్కటే. ప్రభుత్వం కాగితం మీద నడుస్తుంది. కాగితం మీదికెక్కిన ప్రతి పనికీ ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. కాగితం మీదికెక్కని పనికి అడిగేవాడూ ఉండడు, చెప్పేవాడూ ఉండడు. ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణ మాత్రమే.

ఈ విషయం మనకెందుకు ముఖ్యం?

జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006 నవంబరులో తన నివేదికను సమర్పించింది. ఆ నివేదికను మనం సాధారణంగా చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడేటప్పుడే తలచుకుంటాం. అందులోనే మరొక విషయం ఉంది. ముస్లిం కార్మికులలో జీతం మీద కాక సొంత చిన్న పని మీద బ్రతికేవారి వాటా ఇతరుల కంటే ఎక్కువని, వారిలో పురుషుల్లో వీధి వ్యాపారం చేసేవారు 12 శాతానికి పైగా ఉన్నారని, దేశ సగటు మాత్రం 8 శాతంలోపేనని ఆ కమిటీ గుర్తించింది. అంటే మనలో చాలామందికి రోడ్డే కార్ఖానా, రోడ్డే దుకాణం. ఆటో నడిపేవాడు, పండ్లబండి తోసేవాడు, స్కూటరు మీద బట్టల మూట పెట్టుకొని పల్లెలు తిరిగేవాడు, ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రవాడు, వీరందరూ బ్రతికేది రోడ్డు మీదనే.

ఇటువంటి వారికి ప్రభుత్వం అంటే ఎవరు? జిల్లా కలెక్టరును ఏడాదికొకసారి కూడా చూడనివాడు ట్రాఫిక్ కానిస్టేబులును రోజుకు నాలుగుసార్లు చూస్తాడు. ఆఫీసులో కూర్చునే ఉద్యోగికి వంద రూపాయల చలానా ఒక చికాకు. అద్దె ఆటో నడిపేవాడికి అదే చలానా ఆ పూట ఇంటి ఖర్చు. బండిని పట్టుకుపోతే ఆ రోజు సంపాదన సున్న, యజమానికి కట్టవలసిన కిరాయి మాత్రం ఆగదు. ఫైనాన్సు వాయిదా అంతకన్నా ఆగదు. కనుక కూడలిలో జరిగే అయిదు నిమిషాల వ్యవహారం సక్రమంగా, చట్టప్రకారం, లెక్కాపత్రంతో జరగడం మనవాళ్లకు అన్నంతో ముడిపడ్డ విషయం.

ముందుగా న్యాయమైన మాట

ట్రాఫిక్ పోలీసులను తిట్టడానికి ఈ సభ పెట్టుకోలేదు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. వారిలో సుమారు 44 శాతం ద్విచక్రవాహనాల మీద వెళ్లేవారే. ఒక్క ఏడాదిలో ఒక పెద్ద పట్టణమంత జనం పోయారన్నమాట. హెల్మెట్ అడగడం, మైనరు పిల్లవాడి చేతి నుంచి బండి తీసుకోవడం, రాంగ్ రూటులో వచ్చేవాణ్ని ఆపడం ఆ ప్రాణాలను కాపాడే పనులే. మే నెల ఎండలో, పొగలో, దుమ్ములో, నిలబడడానికి నీడ లేని చోట డ్యూటీ చేసే కానిస్టేబులు కూడా మనలాంటి ఇంటి నుంచి వచ్చినవాడే.

ఆ పనికి చట్టం అతనికి అధికారం ఇచ్చింది. అయితే మన ఇళ్లలో అమానత్ అనే మాట ఉంది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొత్తు అది. దానిని వాడుకోవచ్చు గాని లెక్క అప్పజెప్పాలి. ప్రభుత్వాధికారం కూడా అటువంటిదే. ప్రజలు అప్పగించినది కనుక ప్రజలకు లెక్క చెప్పాలి. పారదర్శకత అంటే ఆ లెక్క అందరికీ కనబడేటట్లు ఉంచడం. జవాబుదారీతనం అంటే లెక్క తప్పినప్పుడు ఎవరు బాధ్యులో తేలడం.

బండి ఆపినప్పుడు చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దానిని విస్తృతంగా సవరించారు. ఈ చట్టం చాలామంది అనుకునేదానికన్నా పౌరునికి ఎక్కువ రక్షణ ఇచ్చింది. తెలియకపోవడం వల్ల మనం దానిని వాడుకోవడం లేదు.

మొదటిది. 130వ సెక్షను ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. ఇది మన బాధ్యత, దీనిలో వాదన లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళికి 2018లో చేసిన సవరణ తరువాత డిజీలాకర్‌లోనో, ఎం పరివాహన్‌లోనో ఉన్న పత్రాలు కూడా అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. ఫోనులో ఉన్నది చెల్లదు అనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు.

రెండవది. 206వ సెక్షను కింద లైసెన్సును స్వాధీనం చేసుకుంటే, తీసుకున్నట్లు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. ఆ రసీదు ఉంటేనే మీరు మళ్లీ బండి నడపగలరు. ఇది అధికారి దయ మీద ఆధారపడినది కాదు, చట్టంలో రాసి ఉన్న విధి.

మూడవది. బండిని స్వాధీనం చేసుకునే అధికారం 207వ సెక్షనులో ఉంది. ఏయే సందర్భాలలో అన్నది ఆ సెక్షనే చెప్పింది. రిజిస్ట్రేషను లేకపోవడం, నడిపేవానికి లైసెన్సు లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా పర్మిట్ షరతులను ఉల్లంఘించడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. పాత చలానాలు బకాయి ఉన్నాయన్న కారణం ఆ సెక్షనులో లేదు. నడుస్తున్న బండి నుంచి తాళంచెవి లాక్కోవచ్చునని ఈ చట్టంలో ఎక్కడా రాసి లేదు. తాగి నడిపిన కేసులలో సైతం, ఆ ఒక్క కారణంతో వాహనాన్ని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని, వెంట లైసెన్సు ఉన్న మరొకరుంటే వారికి అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. తాగి నడపడం ఘోరమైన నేరమే. దానికి శిక్ష న్యాయస్థానం వేస్తుంది. ఘోరమైన నేరంలోనే చట్టం ఇంత పద్ధతి పాటించాలన్నప్పుడు, వంద రూపాయల తప్పులో పద్ధతి పాటించవద్దా?

నాలుగవది. కూడలిలో మనం కట్టేది జరిమానా అనుకుంటాం. చట్టం భాషలో అది 200వ సెక్షను కింద రాజీ రుసుము. అంటే కోర్టుకు పోకుండా ఇక్కడితో ముగించుకుంటానని మీరు ఒప్పుకొని కట్టే డబ్బు. ఒప్పుకోవడం మీ ఇష్టం. ఒప్పుకోనివాడు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవచ్చు. చలానా ఒక ఆరోపణ, తీర్పు కాదు. ఏ హోదా గల అధికారి ఈ రుసుము వసూలు చేయవచ్చో, ఏ తప్పుకు ఎంతో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు నిర్ణయిస్తుంది. హెల్మెట్ లేకపోతే పార్లమెంటు చట్టంలో 2019 నుంచి 1000 రూపాయలని ఉంది. రాష్ట్రం నిర్ణయించే రాజీ రుసుము వేరుగా ఉండవచ్చు. మరి ఆ ఉత్తర్వును ఏ కూడలిలోనైనా, ఏ స్టేషను గోడ మీదనైనా మీరు చూశారా? రేషను దుకాణంలో కిలో బియ్యం ధర బోర్డు మీద రాసి పెడతారు. చలానా ధరకు ఆపాటి బోర్డు ఉండవద్దా?

అయిదవది, నాకు చాలా ఇష్టమైన సెక్షను. 2019 సవరణలో 210బి అని ఒకటి చేర్చారు. ఈ చట్టాన్ని అమలు చేసే అధికారమున్నవారే దానిని ఉల్లంఘిస్తే మామూలు శిక్షకు రెట్టింపు జరిమానా. హెల్మెట్ లేకుండా వెళ్లే పోలీసు బండికి మనకు పడేదానికి రెండింతలు పడాలి. చట్టం ముందు అధికారి బరువు ఎక్కువ అని పార్లమెంటే ఒప్పుకున్నది. ఈ సెక్షను కింద ఏడాదిలో ఎన్ని కేసులు రాశారని ప్రతి జిల్లాలోనూ అడగవచ్చు. అడగాలి.

ఫొటో చలానాల సంగతి

ఇప్పుడు బండి ఆపకుండానే చలానా వస్తున్నది. ఒక విధంగా ఇది మంచి మార్పు. నగదు చేతులు మారదు, బేరం ఉండదు, ప్రతిదానికీ నంబరు పడుతుంది. తెలంగాణలో బండి నంబరు కొట్టి మన మీద ఉన్న చలానాలను, ఫొటోలను వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మీసేవలోనో, ఫోను ద్వారానో డబ్బు కట్టవచ్చు. గుమస్తాగా నేను దీనిని స్వాగతిస్తాను. నంబరు పడ్డ చోట లెక్క దొరుకుతుంది.

అయితే యంత్రం వచ్చినంత మాత్రాన పారదర్శకత రాదు. ఫొటోలో నంబరు పలక మాత్రమే కనిపించి తప్పు కనిపించని చలానాలు ఉన్నాయి. ఒక అంకె తప్పు చదవడం వల్ల ఎప్పుడూ ఆ ఊరికి పోని బండి మీద పడినవి ఉన్నాయి. అద్దె ఆటోలలో చలానా యజమాని పేరున పడుతుంది, డబ్బు మాత్రం డ్రైవరు కిరాయి లెక్కలో కోత పడుతుంది. ఆ రోజు నడిపినవాడు ఒకడు, కట్టేవాడు ఇంకొకడు. పది పదిహేను చలానాలు పోగైన తరువాత ఎక్కడో ఆపినప్పుడు గాని చాలామందికి వాటి సంగతి తెలియదు.

దీనికి చట్టంలో జవాబు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2021 ఆగస్టులో 167ఏ అనే నియమం చేర్చారు. దాని ప్రకారం కెమెరా వంటి ఎలక్ట్రానిక్ పరికరానికి ధృవీకరణ పత్రం ఉండాలి, దానిని ఏటా పునరుద్ధరించాలి. కెమెరాలున్న మార్గంలో ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలి. నోటీసులో తప్పు కనబడే ఫొటో, నంబరు పలక, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షనును ఉల్లంఘించారో ఉండాలి. తప్పు జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి. ఇవి మనం కోరుతున్న కొత్త సౌకర్యాలు కావు, ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న నియమాలు. మన పట్టణంలోని ప్రతి కెమెరాకు ఈ ధృవీకరణ ఉన్నదా? కానిస్టేబులు చేతిలోని కెమెరా కూడా ఈ నియమం పరిధిలోకి వస్తుందా? శాఖ బోర్డు మీద రాసి చెప్పవలసిన సంగతులివి.

తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో పేరుకుపోయిన చలానాల మీద పెద్ద రాయితీ ప్రకటించింది. ద్విచక్రవాహనాలు, ఆటోలు నాలుగోవంతు కడితే చాలన్నది. 2023 డిసెంబరు చివరలో మళ్లీ రాయితీ ఇచ్చింది. కట్టినవారు ఊపిరి పీల్చుకున్నారు, నేనూ సంతోషించాను. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. పేరుకుపోయిన ఆ చలానాలలో న్యాయంగా పడినవెన్ని, నోటీసు చేరనివెన్ని, తప్పు నంబరువెన్ని? ఆ లెక్క తీయకుండా రాయితీ ఇస్తే తప్పు చేసినవాడికి బహుమతి, తప్పు చేయనివాడికి పావువంతు శిక్ష దక్కుతాయి. నిజాయితీగా ముందే పూర్తిగా కట్టినవాడు వెర్రివాడవుతాడు. రాయితీ దయాగుణం. మనకు కావలసింది హక్కుగా వచ్చే విచారణ.

ఒక రిజిస్టరు చెప్పిన కథ

ఇక నా స్వానుభవం ఒకటి. ఒక పట్టణంలో ట్రాఫిక్ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద నేను దరఖాస్తు చేశాను. అడిగినవి అయిదు ప్రశ్నలు. ఏడాదిలో ఎన్ని వాహనాలు స్వాధీనం చేసుకున్నారు, ఏ సెక్షను కింద, ఎన్ని రోజులకు విడుదల చేశారు, చలానాల మీద వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, వాటిలో పరిష్కరించినవి ఎన్ని. 30 రోజుల గడువు చట్టంలో ఉంది. గడువు ముగిసే ముందు జవాబు వచ్చింది. రెండింటికి సమాధానం ఉంది. మిగిలిన మూడింటి కింద సమాచారం ఆ రూపంలో నిర్వహించడం లేదు అని ఒకే వాక్యం.

నేను ఆ వాక్యాన్ని ఉద్యోగ జీవితంలో చాలాసార్లు చూసినవాణ్ని. కొన్నిసార్లు అది నిజం, కొన్నిసార్లు అది తలుపు మూసే పద్ధతి. 19వ సెక్షను కింద మొదటి అప్పీలు పెట్టాను. సమాచారం తయారు చేసి ఇవ్వనక్కరలేదు, రిజిస్టరు చూపించండి, నేనే రాసుకుంటానని కోరాను. రికార్డులను తనిఖీ చేసే హక్కు ఆ చట్టంలోనే ఉంది. అప్పీలు అధికారి అనుమతించారు.

వెళ్లి చూశాను. రిజిస్టరు చక్కగానే ఉంది. తేదీ, బండి నంబరు, పట్టుకున్న చోటు, అన్నీ గుండ్రని అక్షరాలతో నింపి ఉన్నాయి. విడుదల తేదీ అని రాసిన గడి మాత్రం పేజీల కొద్దీ ఖాళీ. సెక్షను గడిలో అనేక చోట్ల ఎం.వి. యాక్టు అని మాత్రమే ఉంది, సెక్షను సంఖ్య లేదు. చట్టం వివరంగా చెప్పిన కారణాలన్నీ అక్కడ ఒక్క ముక్కలో కలిసిపోయాయి. బండి ఎందుకు పట్టుకున్నారో, ఎన్ని రోజులు ఉంచుకున్నారో ఆ కార్యాలయానికే తెలియదన్నమాట. ఆ ఆవరణలో తుప్పు పట్టిన ఆటోలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క కుటుంబం ఉంది.

నేను ఎవరినీ నిందించలేదు. రెండు పేజీల ఉత్తరం రాసి, ఖాళీ గడుల సంగతి, సెక్షను సంఖ్య సంగతి ప్రస్తావించి, ఇన్‌వార్డు నంబరు వేయించుకొని వచ్చాను. కొన్ని నెలల తరువాత మళ్లీ చూడడానికి దరఖాస్తు పెట్టాను. ఈసారి విడుదల తేదీలు నిండుతున్నాయి, సెక్షను సంఖ్యలు రాస్తున్నారు. రికార్డు చూసుకునే ఆ పోలీసు ఉద్యోగి నాతో ఒక మాట అన్నారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్, అందుకే రాయలేదు అని. ఆ మాటలో నాకు కపటం కనిపించలేదు. జవాబుదారీతనం ఎక్కడ మొదలవుతుందో మాత్రం కనిపించింది. అడిగేవాడు ఉన్నాడని తెలిసిన చోట మొదలవుతుంది.

దరఖాస్తు రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. సమాచారం ఇవ్వకపోతే సంబంధిత అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం సమాచార కమిషనుకు ఉంది. దర్యాప్తులో ఉన్నదన్న సాకుతో నిరాకరించాలంటే, ఇస్తే దర్యాప్తుకు ఏ విధంగా ఆటంకమో చెప్పాలి. సాధారణ లెక్కలకు ఆ సాకు వర్తించదు. నిజానికి మనం అడగకుండానే ఎన్నో వివరాలు వెల్లడించాలని ఆ చట్టం 4వ సెక్షను 2005 నుంచే చెబుతున్నది. ఒక నిర్ణయం వల్ల దెబ్బతిన్నవారికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పాలని కూడా అందులో ఉంది.

తోపుడుబండ్ల సోదరులకు

రాకపోకలకు అడ్డమని బండ్లను తీయించడం ట్రాఫిక్ పోలీసుల పనిలో భాగమైంది. హైదరాబాదులో 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఆపరేషన్ రోప్ ఉద్దేశాలలో రోడ్డు ఆక్రమణల తొలగింపు ఒకటి. రోడ్డు అందరిదీ, అంబులెన్సుకు దారి ఉండాలి, ఒప్పుకుంటాం. అయితే వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే నిలవ ఉండే సరుకును రెండు పనిదినాలలో, పండ్లూ కూరగాయల వంటి చెడిపోయేవాటిని అదే రోజు తిరిగి ఇవ్వాలి. ధృవపత్రం ఉండి, దాని షరతుల ప్రకారం వ్యాపారం చేసేవాణ్ని పోలీసులతో సహా ఎవరూ అడ్డుకోరాదని 27వ సెక్షను చెబుతున్నది.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో ట్రాఫిక్ పోలీసు ప్రతినిధి ఉంటారు. వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకుండా ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని కూడా చట్టంలో స్పష్టంగా ఉంది. రోడ్డు మీద నిలబడి వాదించుకోవలసిన ఇద్దరిని చట్టం ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉన్నదా, చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, మినిట్సు ఎక్కడ ఉన్నాయి, ఈ మూడూ అడగండి.

వివక్ష ఉన్నదా?

మీలో చాలామంది నన్ను ఒంటరిగా కలిసి అడిగే ప్రశ్న ఇది. మన బస్తీలలోనే తనిఖీలు ఎక్కువ, గడ్డం చూసి ఆపుతారు, పేరు విని గొంతు మారుతుంది అంటారు. మీ అనుభవాన్ని నేను కాదనను. కానీ వేదిక మీద నిలబడి రుజువు లేని మాట చెప్పను. అనుభవాన్ని రుజువుగా మార్చే మార్గం ఒకటే, లెక్క. ఏ కూడలిలో ఎన్ని చలానాలు, ఏ స్టేషను పరిధిలో ఎన్ని స్వాధీనాలు, ఏ సమయంలో ఎన్ని తనిఖీలు అన్న వివరాలు శాఖ కంప్యూటరులో ఇప్పటికే ఉంటాయి. ప్రతి చలానాకు స్థలం, సమయం నమోదవుతాయి గనుక. ఆ లెక్కలను నెలనెలా బయటపెడితే ఏ బస్తీకి ఎంత భారం పడుతున్నదో అందరికీ తెలుస్తుంది. వివక్ష ఉంటే బయటపడుతుంది. లేకపోతే మన అనుమానం తొలగిపోతుంది, అదీ మంచిదే. నిజాయితీగా పనిచేసే పోలీసుకు ఈ లెక్కవల్ల నష్టం లేదు. అపవాదు నుంచి అతన్ని కాపాడేదీ ఆ లెక్కే.

మనం కోరవలసినవి

మన కోరికలు పెద్దవి కావు. ప్రతి ట్రాఫిక్ స్టేషనులో రాజీ రుసుముల పట్టిక, వసూలు చేయగల అధికారి హోదా తెలుగులోను, ఉర్దూలోను గోడ మీద ఉంచాలి. తెలంగాణలో ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష, కనుక ఇది వేడుకోలు కాదు, హక్కు. తనిఖీ చేసే ప్రతి ఒక్కరి యూనిఫాం మీద పేరు స్పష్టంగా కనబడాలి. స్వాధీనం చేసుకున్న ప్రతి వాహనానికి, ప్రతి పత్రానికి సెక్షను సంఖ్యతో రసీదు ఇవ్వాలి. కూడలివారీగా చలానాల లెక్క, స్వాధీనాలు, విడుదలలు, ఫిర్యాదుల లెక్క నెలకొకసారి నోటీసు బోర్డు మీద, వెబ్‌సైటులో పెట్టాలి. చలానా తప్పు అని ఫిర్యాదు చేస్తే, దానిని రాసిన అధికారి కాక మరొకరు విని, కారణాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. పోలీసుల మీది ఫిర్యాదుల కోసం రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. ఆ సంస్థ చిరునామా ఏమిటని మన జిల్లాలో పదిమందిని అడిగితే చెప్పగలిగేవారు ఒక్కరు దొరకరు. ఆ చిరునామా ప్రతి స్టేషను గుమ్మం దగ్గర రాయించాలి.

మనం చేయవలసినవి

అడిగే నోరు శుభ్రంగా ఉండాలి. పదహారేళ్ల పిల్లవాడికి బండి ఇచ్చి, పట్టుకుంటే సిఫారసు కోసం కార్పొరేటరు దగ్గరికి పరుగెత్తే తండ్రికి జవాబుదారీతనం గురించి మాట్లాడే అర్హత లేదు. జాగరణ రాత్రుల్లో బండ్ల పందేలు ఆడే కుర్రవాళ్లను ఆపవలసింది మొదట మనం. ఆటోలో పరిమితికి మించి బడిపిల్లలను ఎక్కించడం ఆపవలసిందీ మనమే.

రసీదు లేకుండా చేతిలో పెట్టే డబ్బు జరిమానా కాదు, లంచం. 2018 సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజులలోగా ఫిర్యాదు చేస్తేనే అతనికి రక్షణ. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ నంబరు 1064. వంద ఇచ్చి పని కానిచ్చుకున్నాను అని గొప్పగా చెప్పుకునేవాడు తన తరువాత వచ్చే పదిమందికి ధర నిర్ణయించి పోతున్నాడు.

ఆపినప్పుడు గొంతు పెంచకండి. ఏ సెక్షను అని, రసీదు ఇవ్వండి అని మర్యాదగా అడగడం నేరం కాదు. విధులకు అడ్డుపడడం, చేయి చేసుకోవడం మాత్రం భారతీయ న్యాయ సంహితలో 221, 132 సెక్షన్ల కింద నేరాలు. అక్కడ గెలవాలని చూడకండి. పేరు, స్థలం, సమయం రాసుకోండి. ఇంటికి వచ్చి ఉత్తరం రాయండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. మీ పోరాటం ఆ ముద్ర దగ్గర మొదలవుతుంది.

చివరగా ఒక పని మాట. హాలు బయట బల్ల మీద సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు తెలుగులో, ఉర్దూలో పెట్టించాం. ప్రతి ఆటో స్టాండు నుంచి ఒకరు, ప్రతి మార్కెట్టు నుంచి ఒకరు ఒక్కొక్కటి తీసుకువెళ్లండి. చదవడం రానివారు చదువుకున్న పిల్లలచేత నింపించండి. సంశయం ఉంటే ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత నేను ఇక్కడే కూర్చుంటాను. మీరు తెచ్చే ప్రతి జవాబునూ ఒక ఫైలులో పెట్టి నంబరు వేస్తాను. ఏడాది తరువాత ఆ ఫైలు పట్టుకొని మనమందరం కలిసి అధికారుల దగ్గరికి వెళ్దాం.